ఫారంలో అన్నీ సున్నాలే. మాజీ సైనికుల ఇళ్లలో అసలు ఏం అడగాలి?

తణుకు_శారద | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. సోషల్ వర్క్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. నా అంశం సైన్యం నుంచి రిటైరై వచ్చిన జవాన్ల కుటుంబాల బాగోగులు. పశ్చిమ గోదావరి, శ్రీకాకుళం జిల్లాలు తీసుకున్నాను. పెన్షన్, ఆరోగ్యం, నిద్ర, పిల్లల చదువు, ఆలుమగల మధ్య మాటలు, అన్నీ చూడాలని ఆశ.

ఏడు నెలలుగా ఊళ్లు తిరుగుతున్నాను. నింపిన ఫారాలన్నీ దాదాపు సున్నాలే. పీసీఎల్-5 అని ప్రపంచమంతా వాడే ప్రశ్నావళి ఒకటుంది. యుద్ధం, పేలుడు, ప్రమాదం లాంటివి చూసినవాళ్లని ఆ జ్ఞాపకం తర్వాత ఎంత పీడిస్తోందో కొలవడానికి వాడతారు. అలా పీడించే జబ్బునే పీటీఎస్‌డీ అంటారు. ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు, మొత్తం 80. మనవాళ్లు చకచకా అన్నిటికీ "అస్సలు లేదు" దగ్గర టిక్కు పెట్టేసి, "సంతకం ఎక్కడమ్మా?" అంటారు. సంతకం అక్కర్లేదు, పేరు కూడా రాయొద్దు అంటే నన్నే అనుమానంగా చూస్తారు.

ఈమధ్య ఒక ఇంటికి వెళ్లాను. ఆయనకి ఇరవై ఏళ్లు దాటిన సర్వీసు, అందులో రెండుసార్లు కశ్మీర్. ఫారం నాలుగు నిమిషాల్లో అయిపోయింది. మార్కులు 2. అవి కూడా నిద్ర ప్రశ్నకి వేసినవే. "దోమలమ్మా" అన్నారు. నేను గేటు దగ్గర చెప్పులు వేసుకుంటుంటే ఖాళీ టీ గ్లాసు చేత్తో పట్టుకుని వాళ్లావిడ వెనకే వచ్చింది. గొంతు తగ్గించి, "నిద్రలో ఉంటే ఆయన్ని ముట్టుకోనమ్మా. కాళ్ల దగ్గర దూరంగా నిలబడి దుప్పటి కొస లాగి లేపుతాను. కొత్తలో తెలియక భుజం తట్టాను. చెయ్యి విసిరేసరికి ఈ పన్ను పోయింది" అంది. పన్ను ఊడిన చోటు చూపించి నవ్వింది కూడా.

నా ఫారంలో దీన్ని ఎక్కడ రాయాలి? మీ ఇళ్లలో మిలటరీవాళ్లు ఉంటే చెప్పండి. నేను ఏం అడగాలి, ఎవర్ని అడగాలి?


సుబేదార్_రిటైర్డ్ | సోమవారం, రాత్రి 9:50

తల్లీ, కోపం తెచ్చుకోకు. ఇవన్నీ అమెరికా జబ్బులు. 28 ఏళ్లు ఫిరంగులతో పనిచేసిన ఆర్టిలరీ వాణ్ణి నేను. మా రోజుల్లో పీటీఎస్‌డీ లేదు, రమ్ము ఉండేది.

నీకు నిజంగా మా బాగోగులు కావాలంటే ఇది రాసుకో. ఒకటి, స్పర్శ్, అంటే మా పెన్షన్ల ఆన్‌లైన్ పద్ధతి. పెన్షన్ మొత్తం కంప్యూటర్‌లోకి వెళ్లాక మా ఊళ్లో సగం మందికి లైఫ్ సర్టిఫికెట్ అంటేనే నవంబరులో బీపీ. రెండు, భార్య పేరు. పెళ్లైనప్పుడు యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డర్ పడుతుంది, అంటే భార్య పేరు రికార్డులోకి ఎక్కుతుంది. అప్పటి గుమాస్తా హిందీవాడు. 'నాగమణి' చెప్తే 'నాగ్‌మని' రాశాడు. ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. భర్త పోయిన పదకొండో రోజు నుంచి ఆ ఆడమనిషి ఫ్యామిలీ పెన్షన్ కోసం నాగ్‌మనీ నేనే అని ఊరంతా అఫిడవిట్లు పట్టుకుని తిరగాలి. మా వీధిలో ఒకావిడకి ఎనిమిది నెలలు పట్టింది. మూడు, ఈసీహెచ్ఎస్, మాజీ సైనికుల వైద్య పథకం. 2003లో అది రాకముందు మాకు వైద్యం అంటే మిలటరీ హాస్పిటలే, అది ఎక్కడో దూరం. ఇప్పుడు పాలీక్లినిక్ ఉంది, మంచిదే. కానీ రెఫరల్ కాగితం పట్టుకుని ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే అక్కడివాళ్లు చూసే చూపు వేరే. ఏ ఆసుపత్రో చెప్పను.

నిద్ర గురించి తర్వాత అడుగుదువుగాని.


గుంటూరు_ఇల్లాలు | సోమవారం, రాత్రి 10:04

మా ఇంట్లోనూ దుప్పటే.


లెక్కల_మాస్టారు | సోమవారం, రాత్రి 11:31

శారద గారూ, మీ సున్నాలు చూసి కంగారు పడకండి. ఈ రంగంలో మొదటి నుంచీ గొడవంతా అంకెల మీదే. ఎపిడెమియాలజీలో, అంటే ఏ జబ్బు ఎంతమందికి ఉందో లెక్కగట్టే పనిలో ఉన్నాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

పీటీఎస్‌డీ అనే మాట అమెరికా మానసిక వైద్యుల జాబితాలోకి ఎక్కింది 1980లో. వియత్నాం నుంచి వచ్చినవాళ్ల పోరాటం వల్లే అంత త్వరగా ఎక్కింది. అసలు ఎంతమందికి ఉందో తేల్చమని అక్కడి పార్లమెంటు ఆదేశిస్తే పెద్ద సర్వే చేశారు. వియత్నాం వెళ్లిన మగవాళ్లలో 30.9 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చిందని, సర్వే నాటికి 15.2 శాతం మందికి ఇంకా ఉందని తేల్చారు. అబద్ధం చెప్తున్నారని కొందరు, తక్కువ చేసి చూపిస్తున్నారని కొందరు ఇరవై ఏళ్లు కొట్టుకున్నారు. చివరికి 2006లో డోరెన్‌వెండ్ బృందం అదే డేటా తీసుకుని, ఎవరు ఎక్కడ పోరాడారో మిలటరీ రికార్డులతో సరిచూసింది. అంకెలు 18.7కి, 9.1కి దిగాయి. చాలామంది దీన్ని "సైనికులు బొంకారు" అని చదివారు. నేను అలా చదవను. ఆ పరిశీలనలో అబద్ధాలు చెప్పినవాళ్లు పెద్దగా బయటపడలేదు. జబ్బు అనడానికి ఎంత బాధ ఉండాలి అన్న గీతని కాస్త పైకి జరిపారు, అంకె తగ్గింది. ఎంత ఘోరంగా పోరాడితే అంత ఎక్కువ జబ్బు అన్నది మాత్రం చెక్కుచెదరలేదు.

బ్రిటన్‌లో కింగ్స్ కాలేజ్ లండన్‌వాళ్లు ఇరాక్ యుద్ధం మొదలైనప్పటి నుంచి ఒకే సైనికుల గుంపుని ఏళ్ల తరబడి వెంటాడుతున్నారు. మొదట్లో పీటీఎస్‌డీ 4 శాతం. పదేళ్ల తర్వాత 6. చూడ్డానికి చిన్నదే. కానీ సైన్యం వదిలేసి వచ్చినవాళ్లలో, అదీ నేరుగా పోరాటంలో ఉన్నవాళ్లని విడిగా తీసి చూస్తే 17 శాతం. సగటు చూసి ఊరుకుంటే ఆ 17 కనిపించేదే కాదు.

మీ సున్నాల సంగతికొస్తే, అమెరికాలో 2011లో ఒక అధ్యయనం వచ్చింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు పేరుతో ఇచ్చే ఫారంలో చెప్పినదానికంటే, పేరు లేని ఫారంలో రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువగా తమ బాధ చెప్పుకున్నారు. మనుషులు వాళ్లే, ప్రశ్నలు అవే. మీరు పేరు రాయొద్దన్నా, మీరు ఫలానా వీధిలో ఫలానా ఇంటికి వెళ్లారు కదా. ఊరందరికీ తెలుసు. అంటే పేరు రాసినట్టే.


సుబేదార్_రిటైర్డ్ | మంగళవారం, ఉదయం 6:15

మాస్టారూ, ఆ రెండు నాలుగు రెట్ల కథ నాకు మీ అధ్యయనం లేకుండానే తెలుసు. మా దగ్గర మెడికల్ కేటగిరీని షేప్ అంటారు. అన్నీ బాగుంటే షేప్-1. అందులో మొదటి అక్షరం 'ఎస్' దేనికో తెలుసా? మనసుకి. చెవి, చెయ్యీకాలు, ఒళ్లు, కన్ను అన్నీ తర్వాతే. ఎస్ దగ్గర మచ్చ పడితే ప్రమోషన్ కోర్సు పోతుంది, చేతిలో ఆయుధం పోతుంది, మెస్‌లో గుసగుసలు మొదలవుతాయి. డాక్టర్ "నిద్ర పడుతోందా?" అంటే "ఏక్‌దమ్ ఫస్ట్ క్లాస్ సర్" అనడం రిక్రూట్‌గా ఉన్నప్పుడే నేర్చుకుంటాం. ఇంటికొచ్చి ఎన్నేళ్లయినా కాగితం కనిపిస్తే చెయ్యి సున్నా దగ్గరికే పోతుంది.


తెనాలి_వకీలు | మంగళవారం, ఉదయం 10:20

సుబేదార్ గారు చెప్పిన భయానికి ఇంకో కొస కూడా ఉంది. జబ్బుతో బయటికి పంపినప్పుడు వికలాంగ పెన్షన్ రావాలంటే ఆ జబ్బు సర్వీసు వల్ల వచ్చిందని తేలాలి. మానసిక జబ్బులకి, మూర్ఛలకి మెడికల్ బోర్డులు ఎన్నో ఏళ్లు ఒకే మాట రాసి పంపేవి: ఇది మనిషి తత్వంలో ఉన్నది, సర్వీసుకి సంబంధం లేదు. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తిరగేసింది. చేరేటప్పుడు రికార్డులో రాయని జబ్బు తర్వాత బయటపడితే సర్వీసు వల్లే వచ్చిందనుకోవాలి, కాదని చూపించే భారం ప్రభుత్వానిదే అంది. ఆ సైనికుడిది మూర్ఛ జబ్బు. ఆ తీర్పు పట్టుకుని గెలిచినవాళ్లు చాలామంది. కానీ తీర్పు గురించి తెలియని ఊళ్లో "మనసు బాగోలేదు" అంటే ఇప్పటికీ "పుట్టుకతోనే పిచ్చి" అని ఒప్పుకున్నట్టే లెక్క.


తణుకు_శారద | మంగళవారం, మధ్యాహ్నం 1:05

ఎవరూ చెప్పని ఇంకో తలనొప్పి అనువాదం. ఇతరులకు దూరమైపోయినట్టు, తెగిపోయినట్టు అనిపిస్తోందా అని అడిగే ప్రశ్న ఒకటుంది. మొదట నేను "ఈ నెలలో మీకు అందరికీ దూరంగా ఉన్నట్టు అనిపించిందా?" అని తెలుగు చేశాను. ఒక పెద్దాయన పకపకా నవ్వి, "22 ఏళ్లు దూరంగానే ఉన్నాను కదమ్మా. ఇప్పుడేగా ఇంటికొచ్చింది!" అన్నారు. సున్నా. ఇంకొకాయనకి "భవిష్యత్తు మీద ఆశ" గురించి అడిగితే అమ్మాయి పెళ్లి ఖర్చు లెక్క చెప్పారు.

మనవాళ్లు బాధని మనసులో చెప్పరు, ఒంట్లో చెప్తారు. తల బరువు, గుండె దడ, కడుపులో మంట, ఒళ్లు మండిపోవడం. నా ఫారంలో వాటికి చోటే లేదు.


లీడ్స్_నర్సు | మంగళవారం, సాయంత్రం 6:48 (భారత సమయం)

ఇక్కడ బ్రిటన్‌లో నర్సుని, సొంతూరు భీమవరం దగ్గర. మా నాన్నగారు ఎయిర్‌ఫోర్స్‌లో చేశారు కాబట్టి చదువుతున్నా.

ఇక్కడివాళ్లని చూసి నేర్చుకోవాల్సింది చాలా చిన్న పని. 2021 జనాభా లెక్కల్లో తొలిసారి "మీరు సైన్యంలో పనిచేశారా?" అన్న ప్రశ్న పెట్టారు. ఇంగ్లండ్, వేల్స్ కలిపి 18.5 లక్షల మంది మాజీ సైనికులున్నారని తేలింది. అంతవరకు అందరివీ అంచనాలే. ఎంతమంది ఉన్నారో తెలియకుండా ఎంతమందికి బాగోలేదో ఎవరు చెప్పగలరు? మనకి పెన్షన్ తీసుకునేవాళ్ల లెక్క ఉంది. మధ్యలో వదిలేసి వచ్చినవాళ్లు, పెన్షన్ లేనివాళ్లు ఏ లెక్కలో ఉన్నారు?

శారదా, నువ్వు గేటు దగ్గర విన్నది ఇక్కడ మా వార్డులో కారిడార్‌లో వింటాం. సందర్శకుల టైమ్ అయిపోయాక, కోటు వేసుకుంటూ, భార్యలు చెప్తారు. అన్ని దేశాల్లోనూ అసలు సంగతి చెప్పులేసుకునేటప్పుడే వస్తుందనుకుంటా.


గుంటూరు_ఇల్లాలు | మంగళవారం, రాత్రి 10:40

నిన్న ఒక్క ముక్క రాసి ఫోన్ పక్కన పెట్టేశాను. ఇవాళ పిల్లలు పడుకున్నాక రాస్తున్నాను.

మావారు 17 ఏళ్లు చేసి వచ్చారు. ఏడాదికి రెండు నెలల సెలవు, మధ్యలో కొన్ని రోజుల క్యాజువల్. అన్నీ కూడితే మా కాపురం మూడేళ్లు ఉంటుందేమో. మిగతా కాలం ఇల్లు నేనే నడిపాను. అత్తగారి మోకాలి ఆపరేషన్, ఇంటి స్లాబు, మేస్త్రీతో గొడవ, బాబు స్కూలు, అన్నీ. ఫోన్లో ఆయనకి "అంతా బాగానే ఉంది" అనేదాన్ని. అక్కడ ఆయనా అదే అనేవారు. ఇద్దరం ఒకరికొకరు సున్నాలు పంపుకున్నాం, శారద గారి ఫారంలాగే.

రిటైరై వచ్చిన మొదటి నెల పండగ. రెండో నెలలో వంటింట్లో డబ్బాలన్నీ తీసి వరసలో పెట్టారు. ఉప్పు, కారం, పసుపు, ఎత్తు ప్రకారం. మీరు నవ్వుతారు, నాకూ నవ్వొచ్చింది. మూడో నెలలో పోపు వేస్తూ చేయి చాపితే ఆవాల డబ్బా లేదు, నూనె మాడింది, నేను ఏడ్చాను. ఆవాల కోసం ఏడవలేదని ఇద్దరికీ తెలుసు. ఆయనకి 39 ఏళ్లు. మీసం నెరవలేదు. ఊళ్లో అందరూ "రిటైర్ అయ్యావటగా" అంటే తల దించుకునేవారు. తర్వాత ఒక బ్యాంకులో గార్డు ఉద్యోగం వచ్చింది. అప్పటి నుంచి కాస్త నయం, ఎందుకంటే మళ్లీ యూనిఫాం, మళ్లీ డ్యూటీ టైమ్. ఉద్యోగం జీతం కోసమే అని మీ ఫారాల్లో రాసుకుంటారేమో. మా ఇంట్లో అది మందు.

నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ ఆయన్నే అడిగారు. నేను టీ ఇచ్చాను.


కేవీ_పిల్ల | మంగళవారం, రాత్రి 11:15

ఆంటీ, చదువుతుంటే మా అమ్మే రాసినట్టుంది.

నేను సుబేదార్ కూతుర్ని. పన్నెండో తరగతి అయ్యేసరికి ఆరు కేంద్రీయ విద్యాలయాలు మారాను. హిందీ దంచేస్తాను. తెలుగు మాట్లాడతాను, చదవడం ఈ మధ్యే నేర్చుకున్నా. సొంతూరికి వచ్చాక కజిన్స్ నన్ను "హిందీ పిల్ల" అనేవారు. ఊరు మాదే, కానీ ఊళ్లో నాకు ఒక్క ఫ్రెండు లేదు. పిల్లల గురించి ఎవరైనా పరిశోధన చేశారా?


లెక్కల_మాస్టారు | బుధవారం, ఉదయం 8:02

చేశారమ్మా. నేను పైన చెప్పిన కింగ్స్ కాలేజ్‌వాళ్లే తండ్రులు సైన్యంలో ఉన్న పిల్లల్ని చూశారు. ముందు అందరూ అనుకున్నది, తండ్రి యుద్ధానికి వెళ్లి దూరంగా ఉండటమే పిల్లల్ని దెబ్బ తీస్తుందని. 2018లో వచ్చిన ఫలితం వేరే. తండ్రి యుద్ధరంగానికి వెళ్లి రావడానికీ పిల్లల ఇబ్బందులకీ సంబంధం కనిపించలేదు. తండ్రికి పీటీఎస్‌డీ లక్షణాలు ఉన్న ఇళ్లలోనే పిల్లలకి నిలకడ లేకపోవడం లాంటివి ఎక్కువ. దూరంగా ఉన్న నాన్నని పిల్లలు తట్టుకుంటారు. ఇంట్లో ఉండి ఉలిక్కిపడే నాన్నని తట్టుకోవడం కష్టం.

భార్యల మీద ఇజ్రాయెల్‌లో జహావా సోలమన్ బృందం చేసిన పని చాలా పాతది, చాలా పొడుగైనది కూడా. 1973 యుద్ధంలో బందీలై తిరిగొచ్చినవాళ్లని, తర్వాత వాళ్ల భార్యల్నీ దశాబ్దాల పాటు చూశారు. యుద్ధం ముఖం చూడని ఆడవాళ్లకి కూడా పీడకలలు, ఉలికిపాటు వచ్చాయి, ముఖ్యంగా భర్తకి పీటీఎస్‌డీ ఉన్నచోట. గుంటూరు అక్కా, మీరు అడక్కుండానే చెప్తున్నా: మీ నిద్ర ఎలా ఉంది?


గుంటూరు_ఇల్లాలు | బుధవారం, ఉదయం 8:30

ఆయన పక్కకి తిరిగితే నాకు మెలకువ వస్తుంది. పదేళ్లుగా అంతే. దీన్ని నిద్ర అనుకుంటున్నా.


ఆర్కే_బీచ్ | బుధవారం, మధ్యాహ్నం 12:44

విశాఖ నుంచి. ఒక చిన్న పక్కదారి పడతాను. పాలీన్ బాస్ అని అమెరికాలో ఒక పరిశోధకురాలు. 1970లలో, వియత్నాం వైపు విమానాలతో సహా గల్లంతైన పైలట్ల భార్యల్ని కలిసింది. మనిషి పోయాడో ఉన్నాడో తెలియని ఇళ్లు అవి. ఏడవలేరు, ఎదురుచూడటం ఆపలేరు. దానికి ఆవిడ తేలని నష్టం అన్న అర్థంలో ఒక పేరు పెట్టింది. తర్వాత దాన్నే రెండుగా విడదీసింది: మనిషి లేడు కానీ మనసులో ఉన్నాడు; మనిషి ఉన్నాడు కానీ మనసుతో ఇక్కడ లేడు. రెండోది మీ అందరి ఇళ్లదీ.

మొదటిది మా ఊరిది. 2016 జూలై 22న చెన్నై దగ్గర తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరిన ఎయిర్‌ఫోర్స్ ఏఎన్-32 విమానం బంగాళాఖాతం మీద మాయమైంది. 29 మంది. అందులో 8 మంది విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు, సివిలియన్లు. సముద్రం అడుగున దాదాపు 3,400 మీటర్ల లోతులో శకలాల ఫొటోలు దొరికాయని ప్రకటించింది 2024 జనవరిలో. ఏడున్నరేళ్లు. వాళ్లు మాజీ సైనికులూ కాదు, సైనికులూ కాదు. శారద గారి జాబితాలో గానీ సైనిక్ బోర్డు జాబితాలో గానీ వాళ్ల భార్యలు ఎక్కడుంటారు? మిలటరీ కుటుంబం అంటే ఎవరో ముందు గీత గీసుకోండి అని చెప్పడానికే ఇదంతా రాశా.


పలాస_తమ్ముడు | బుధవారం, మధ్యాహ్నం 3:20

అన్నలూ, అక్కలూ, అందరూ పెన్షన్ ఉన్నవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. మా అన్నయ్య అగ్నివీర్. 2022 జూన్‌లో పథకం ప్రకటించారు. నాలుగేళ్లు, తర్వాత నూటికి 25 మందిదాకా ఉంచుకుంటారు, మిగిలినవాళ్లు సేవానిధి సుమారు 11.71 లక్షలు తీసుకుని ఇంటికి. పెన్షన్ లేదు, ఈసీహెచ్ఎస్ లేదు, ఎక్స్ సర్వీస్‌మన్ హోదా లేదు. ఇంట్లో అమ్మకి ఒకటే టెన్షన్, ఆ 25లో ఉంటాడా లేదా అని. సెలవుకి వచ్చినప్పుడు ఎవరైనా అడిగితే అన్నయ్య మాట మార్చేస్తాడు. ఇతని బాగోగులు ఎవరు రాస్తారు?


లెక్కల_మాస్టారు | బుధవారం, సాయంత్రం 5:55

తమ్ముడూ, ఈ థ్రెడ్‌లో అన్నిటికంటే పెద్ద ప్రశ్న నీదే. బ్రిటన్‌లో మాంచెస్టర్ బృందం 2009లో ఒక అధ్యయనం ప్రచురించింది. సైన్యం వదిలిన 24 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసు కుర్రాళ్లలో ఆత్మహత్యల ముప్పు అదే వయసు మామూలు కుర్రాళ్లకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. తక్కువ కాలం పనిచేసి వచ్చినవాళ్లలోనే ఎక్కువ. ఇది చూసి భయపడొద్దు. వాళ్లు ఏ పరిస్థితుల్లో చేరారో, ఎందుకు వదిలారో వేరు. మన అగ్నివీర్లు గెంటేయబడి రారు, ఒప్పందం ముగిసి వస్తారు. కానీ అదే వయసు, అదే తొందర.

మనకి కావాల్సింది వాళ్లు సర్వీసులో ఉండగానే ఒకసారి, వచ్చిన ఆరు నెలలకి ఒకసారి, రెండేళ్లకి ఒకసారి అవే మనుషుల్ని అడగడం. ఇంటికొచ్చాక మొదలుపెడితే ముందెలా ఉన్నారో ఎవరూ చెప్పలేరు. ఆస్ట్రేలియాలో సైనికుల ఆత్మహత్యల మీద మూడేళ్లు రాయల్ కమిషన్ నడిచి 2024 సెప్టెంబరులో 122 సిఫార్సులు ఇచ్చింది. అది వేయడానికి ముందు కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లులు ఏళ్ల తరబడి రోడ్డెక్కారు. మనం అందాకా ఆగాలా?

మన దేశంలో బయటికి కనిపించే డేటా తక్కువ. ఢిల్లీలో డీఆర్‌డీవోకి చెందిన డీఐపీఆర్ సంస్థ దశాబ్దాలుగా సైనికుల మనసు మీద పనిచేస్తోంది. అందులో మామూలు విద్యార్థి చేతికి వచ్చేది కొంతే. 2021 జనవరిలో ఒక సంగతి గుర్తుందా? ఢిల్లీలో రక్షణ విషయాల మీద పరిశోధన చేసే యూఎస్‌ఐ సంస్థలో చేసిన ఒక అధ్యయనం, సైన్యంలో సగం మందికి పైగా తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుందని చెప్పింది. పత్రికలకెక్కగానే వెబ్‌సైటు నుంచి తీసేశారు. నాలుగొందల మందిని అడిగి ఇంత మాటా అని సైన్యం కొట్టిపారేసింది. నమూనా చిన్నదన్న మాట నిజమే. అయితే పెద్దది చెయ్యండి, చేసి బయట పెట్టండి అని నా గొణుగుడు.


మోడరేటర్ | బుధవారం, సాయంత్రం 6:30

ఓట్ల గురించిన మూడు పోస్టులు తీసేశాను. థ్రెడ్ దారి తప్పొద్దు. ఇంకో మాట, ఇది చదువుతూ ఎవరికైనా బరువుగా అనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. సైనికుల కోసం పుణెలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్‌ఎంసీలో 2023 డిసెంబరు నుంచి దీనికి ప్రత్యేక విభాగం కూడా పెట్టారు.

శారద గారూ, మొదటి పోస్టులో ఆ ఇంటి వివరాలు మార్చే రాశారా? కశ్మీర్, పన్ను, ఇరవై ఏళ్లు అంటే ఆ ఊరివాళ్లు పట్టేస్తారు.


తణుకు_శారద | బుధవారం, రాత్రి 8:10

మార్చానండి. సర్వీసు, పోస్టింగ్ మార్చాను. పోయింది పన్ను కాదు, ఇంకోటి. దుప్పటి ఒక్కటే నిజం. ఇక్కడ రాస్తానని ఆవిడకి చెప్పాను, "పేరు లేకపోతే రాసుకో" అంది. అయినా మీరు అడగడం మంచిదైంది. మా ఎథిక్స్ కమిటీ కూడా ఇంత సూటిగా అడగలేదు.


సుబేదార్_రిటైర్డ్ | గురువారం, ఉదయం 5:40

నాలుగు రోజులుగా మీ అందరిదీ చదువుతున్నా. శారదా, నువ్వు మాధవరం వెళ్లావా?


తణుకు_శారద | గురువారం, ఉదయం 7:15

వెళ్లాను బాబాయ్. తాడేపల్లిగూడెం దగ్గరే కదా. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఇంటికొకరు సైన్యానికి వెళ్లిన ఊరు, ఎవర్నడిగినా ముందు అక్కడికే పొమ్మంటారు.


సుబేదార్_రిటైర్డ్ | గురువారం, ఉదయం 7:50

అందుకే అడిగా. మిలటరీ మాధవరానికి కెమెరా పట్టుకుని ప్రతివాడూ వెళ్తాడు. మంచి ఊరు, స్తూపం ఉంది, గౌరవం ఉంది. సాయంత్రం నలుగురు మిలటరీవాళ్లు అరుగు మీద కూర్చుంటే అదే వైద్యం. నువ్వు ఊరికి ఒక్కడే మిలటరీవాడు ఉన్న చోటికి వెళ్లు. శ్రీకాకుళం లోపలికి, ప్రకాశం మెట్ట ఊళ్లకి. నాది అలాంటి ఊరే. ఇక్కడ నా భాష అర్థమయ్యేవాడు లేడు. 'ఫాలిన్' (వరసలో నిలబడండి) అంటే నవ్వుతారు. పొలం గట్టు తగాదాలో "మిలటరీవాడితో మనకెందుకు" అంటారు, అది గౌరవమో వెలివేతో ఇంకా తెలియదు.

మొదటి రోజు రమ్ము అని రాశాను. సరదాకి రాశాను. రిటైరైన కొత్తలో మిలటరీ క్యాంటీన్‌లో ఇచ్చే రమ్ము కోటా నెలకి సరిపోయేది కాదు. ఇంతవరకు చాలు.


తణుకు_శారద | గురువారం, రాత్రి 9:30

బాబాయ్, చాలా థాంక్స్.

అందరివీ చదివి ఫారం తిరగరాస్తున్నాను. పీసీఎల్-5ని తీసేయలేను, ఇతర దేశాల అంకెలతో పోల్చాలంటే అది ఉండాలి. కానీ దాన్ని చివరికి తోశాను. ముందు భార్యకి విడిగా కొన్ని ప్రశ్నలు. మొదటిది: "మీవారిని నిద్ర లేపాలంటే ఎలా లేపుతారు?" రెండోది గుంటూరు అక్క ఇచ్చింది: "ఆయన రాకముందు ఇంట్లో ఏ నిర్ణయాలు మీవి? ఇప్పుడు ఎవరివి?" ఒంట్లో బాధలకి ఒక పేజీ. కాగితాల మీద పేరు తప్పులకి ఒక పేజీ. అగ్నివీర్ల ఇళ్లు వేరే గుంపుగా తీసుకోమని మా గైడ్ ఒప్పుకున్నారు. పిల్లల్ని అడగాలంటే అనుమతులు వేరే, ఇంకా చూస్తున్నా.

ఒక్కటే తెగట్లేదు. ఆవిడతో విడిగా ఎలా మాట్లాడటం? చిన్న ఇళ్లు. ఆయన హాల్లో ఉంటే ఆవిడ వంటింట్లోంచి "ఏం లేదమ్మా, అంతా బాగానే ఉంది" అంటుంది. నాతో ఇంకొకర్ని తీసుకెళ్లి ఒకేసారి ఇద్దర్నీ రెండు గదుల్లో అడుగుదామంటే అనుమానం ఇంకా పెరుగుతోంది.


గుంటూరు_ఇల్లాలు | గురువారం, రాత్రి 9:52

చీర పిన్ను కావాలనో, మంచినీళ్లనో వంటింట్లోకి రా అమ్మా. మిగతాది మేం చూసుకుంటాం.


లెక్కల_మాస్టారు | గురువారం, రాత్రి 10:10

మెథడ్స్ చాప్టర్‌లో చీర పిన్ను అని ఎలా రాస్తారో చూడాలని ఉంది.


సుబేదార్_రిటైర్డ్ | శుక్రవారం, ఉదయం 5:35

శారదా, మా ఊరు ఎలా రావాలో మెసేజ్ పెట్టాను. వచ్చే 12న నేను క్యాంటీన్‌కి వెళ్తున్నా. ఏడింటి బస్సు. లైను పెద్దది, మధ్యాహ్నం రెండు దాటకుండా రాను. మా ఆవిడకి చెప్పాను, ఎవరో అమ్మాయి వస్తుంది, ఏం అడిగినా చెప్పు అని. "ఏదడిగినానా?" అంది. ఏదడిగినా అన్నాను.

నాకు ఇవ్వాల్సిన ఫారం టేబుల్ మీద పెట్టి వెళ్లు.